పక్క కాలనీకి వెళ్ళడానికి హైవే ఎందుకు ఎక్కుతున్నాం?

విశాఖలో మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు ఉండేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మీ కాలనీకీ పక్క కాలనీకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. కానీ అవతలికి వెళ్ళాలంటే ముందు మీ వెంచర్ గేటు దాటి మెయిన్ రోడ్డుకి రావాలి, అక్కణ్ణించి హైవే ఎక్కాలి, లారీల పక్కన కొంతదూరం పోయి యూటర్న్ కొట్టి, మళ్ళీ ఇంకో గేటు దగ్గర లోపలికి తిరగాలి. అదే ద్వారకానగర్‌లోనో అక్కయ్యపాలెంలోనో ఒక వీధికి అడ్డంగా పెళ్ళి పందిరి వేశారనుకోండి, బండి పక్క సందులోకి తిప్పేస్తాం, దాని గురించి ఆలోచించం కూడా. ఒకే ఊళ్ళో ఇంత తేడా ఎందుకు? రోడ్ల వెడల్పు చూస్తే కొత్త కాలనీలవే ఎక్కువ. కానీ అక్కడ వీధులు ఒకదాన్నొకటి కలవవు. ఊరు పెరిగేకొద్దీ మనకి జరుగుతున్న నష్టాల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే, మనం అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేదీ ఇదే.

ఊరు పెరగడం అనగానే మామూలుగా విస్తీర్ణం లెక్కలు చెబుతాం. 1858లో మున్సిపాలిటీ, 1979లో కార్పొరేషన్, 2005లో గాజువాకనీ చుట్టుపక్కల 32 ఊళ్ళనీ కలిపి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ), ఆ తర్వాత భీమిలి, అనకాపల్లి కూడా చేరాక దాదాపు 680 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో 17 లక్షల పైచిలుకు జనం. ఈ అంకెలు ఊరు ఎంత పరుచుకుందో చెబుతాయి గానీ ఎలా పరుచుకుందో చెప్పవు. రెండు ఊళ్ళకి ఒకే విస్తీర్ణం, ఒకే జనాభా ఉండొచ్చు, కానీ ఒకదాంట్లో పాల ప్యాకెట్టుకి నడిచి వెళ్ళి వస్తారు, రెండోదాంట్లో దానికి కూడా బండి తీయాలి. ఆ తేడా వీధుల అల్లికలో ఉంటుంది. ప్లానర్లు దీన్నే స్ట్రీట్ కనెక్టివిటీ అంటారు.

దీన్ని కొలవడం మనలాంటివాళ్ళకి అందని విద్యేమీ కాదు. ఫోన్‌లో మీ కాలనీ మ్యాప్ తెరిచి ప్రతి జంక్షన్ దగ్గరా, వీధి ఆగిపోయే ప్రతిచోటా ఎన్ని దారులు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. నాలుగు రోడ్ల కూడలి అయితే నాలుగు, టీ జంక్షన్ అయితే మూడు, గోడకి తగిలి ఆగిపోయిన వీధి చివర అయితే ఒకటి. సగటు మూడు దాటి నాలుగు వైపు వెళ్తుంటే వీధులు బాగా కలిసినట్టు. ఒకట్లు ఎక్కువై సగటు రెండుకి దగ్గరపడుతుంటే ఆ కాలనీలో ఎక్కడికి వెళ్ళినా వచ్చిన దారినే తిరిగి రావాలి. మొదటి రకం అల్లిక వల. రెండోది చెట్టు: ఒక మొదలు, దానికి కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు, ఒక రెమ్మ చివర నుంచి పక్క రెమ్మ చివరకి పోవాలంటే మొదలు దాకా దిగి మళ్ళీ ఎక్కాలి. దీనికో చక్కటి లెక్క ఉంది. మూసిన వీధి చివర్లని కూడా జంక్షన్లుగానే లెక్కపెడితే, చెట్టు రకం అల్లికలో వీధి ముక్కల (రెండు జంక్షన్ల మధ్య భాగాల) సంఖ్య జంక్షన్ల సంఖ్య కంటే సరిగ్గా ఒకటే తక్కువ, అంటే జంక్షన్‌కి ఒక వీధి ముక్క కూడా పూర్తిగా రాదు. పెద్ద గళ్ళ అల్లికలో జంక్షన్‌కి రెండు దాకా వస్తాయి. ఆ రెండో ముక్కే మనకి దారి మార్చుకునే వీలు ఇచ్చేది.

ఆ వీలు ఎంతుంటుందో చూడండి. గళ్ళ వీధుల్లో మీ ఇంటి నుంచి మూడు వీధులు తూర్పుకీ మూడు వీధులు ఉత్తరానికీ ఉన్న షాపుకి వెళ్ళాలి. ఎక్కడా వెనక్కి తిరగకుండా, అన్నీ ఒకే దూరంతో, 20 దారులున్నాయి. ఐదు వీధులు, ఐదు వీధులు అయితే 252. చెట్టు అల్లికలో ఎంత దూరమైనా, ఎన్ని వీధులున్నా దారి ఒకటే. దూరం సంగతీ అంతే. గళ్ళ వీధుల్లో ఒక కూడలి నుంచి ఇంకో కూడలికి మీరు నడవాల్సింది నేరుగా కొలిచిన దూరానికి మహా అయితే 1.41 రెట్లు, అంతకు మించదు. చెట్టు అల్లికలో ఆ హద్దే లేదు, వీపు వీపు ఆనించుకున్న రెండు ఇళ్ళ మధ్య దారి రెండు కిలోమీటర్లు అవ్వచ్చు. దారి ఒకటే అయినప్పుడు ఇంకో తిప్పలు కూడా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదుగా తీరం దాటినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు రోడ్లకి అడ్డంగా పడిపోయాయి, అది చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. వీధులు కలిసే చోట ఒక చెట్టు పడితే చుట్టూ తిరిగి పోవచ్చు. ఒకటే గేటు, ఒకటే రోడ్డు ఉన్న చోట అది పడిందంటే లోపలున్న ఇళ్ళన్నీ చిక్కుకుపోయినట్టే. అంబులెన్సుకైనా, ఫైరింజనుకైనా ఇదే లెక్క.

ఇంకో కొలత, జంక్షన్ల సాంద్రత. వంద మీటర్లకో వీధి ఉంటే చదరపు కిలోమీటరుకి దాదాపు వంద కూడళ్ళు వస్తాయి. రెండొందల మీటర్లకో వీధి అయితే పాతికకి పడిపోతాయి. బ్లాకు రెట్టింపు అయితే కూడళ్ళు నాలుగో వంతు అవుతాయన్నమాట. అమెరికాలో రీడ్ యూయింగ్, రాబర్ట్ సెర్వెరో అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2010లో లెక్కగట్టినప్పుడు, జనం ఎంత నడుస్తారన్నదానితో గట్టిగా ముడిపడి ఉన్న విషయాల్లో ఈ కూడళ్ళ సాంద్రత ఒకటని తేలింది. జనసాంద్రత కంటే కూడా దీని ప్రభావమే ఎక్కువ. నాకు ఇది చాలా ముఖ్యమైన సంగతి అనిపిస్తుంది, ఎందుకంటే మనం అపార్ట్‌మెంట్లు ఎత్తుగా కట్టి జనాన్ని దగ్గర చేశాం కాబట్టి ఊరు సర్దుకుంటుందని అనుకుంటాం. పది అంతస్తుల మీద ఉన్నా కిందికి దిగాక ఒకటే దారి ఉంటే బండి తాళం తీయక తప్పదు.

ఇది విశాఖకి మాత్రమే పట్టిన సమస్య కాదు. క్రిస్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ అనే ఇద్దరు, ఎవరైనా వాడుకోగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌నీ ఉపగ్రహ చిత్రాలనీ జోడించి, ప్రపంచంలో ఏ వీధులు ఏ కాలంలో పుట్టాయో, అవి ఎంత కలుస్తున్నాయో కొలిచారు. 2020లో వచ్చిన వాళ్ళ అధ్యయనం ప్రకారం 1975 తర్వాత ప్రపంచం మొత్తం మీద కొత్తగా పడుతున్న వీధులు అంతకుముందువాటి కంటే తక్కువ కలుస్తున్నాయి. ఆగ్నేయాసియాలో గేటెడ్ కాలనీలు ఇందుకు పెద్ద కారణం. అదే లాటిన్ అమెరికాలో చాలా చోట్ల, జపాన్‌లో ఊళ్ళు పెరిగినా వీధుల అల్లిక చెడలేదు. అంటే ఊరు పెరిగిందంటే వీధులు తెగిపోవాల్సిందే అన్న రూలేమీ లేదు.

అమెరికా కథ మనకి ఇంకా పనికొస్తుంది. 1811లోనే మాన్‌హట్టన్‌కి గళ్ళ వీధులు గీసిపెట్టారు, అప్పటికి ఆ గళ్ళలో చాలా భాగం పొలాలూ గుట్టలే. 1929 ప్రాంతంలో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే కాలనీ కట్టారు, కార్ల నుంచి పిల్లల్ని కాపాడాలని ఇళ్ళ ముందు వీధుల్ని చివర మూసేశారు, కానీ నడిచేవాళ్ళకి వెనకనుంచి తోటల గుండా దారులు పెట్టారు. తర్వాత 1930ల్లో ఇంటి అప్పులకి హామీ ఇచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఇలా చివర మూసిన వీధులే మంచివని సిఫారసు చేసింది. బ్యాంకు అప్పు కావాలంటే బిల్డర్ అలాగే గీయాలి మరి. మూసిన వీధులు దేశమంతా వ్యాపించాయి గానీ ఆ తోట దారులు వాటితో పాటు రాలేదు. బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ ఇద్దరే 2015లో లెక్కగట్టినదాని ప్రకారం అక్కడ ఈ జబ్బు 1994 ప్రాంతంలో పతాకస్థాయికి చేరి, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతోంది. వర్జీనియా రాష్ట్రం 2009లో ఒక పని చేసింది: కొత్త కాలనీ వీధులు పక్కవాటితో కలిస్తేనే వాటి నిర్వహణ ప్రభుత్వం చేపడుతుంది, లేదంటే ఆ ఖర్చు మీదే అంది. తర్వాత కొంత సడలించారు గానీ ఆలోచన మాత్రం సరైనదే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. విశాఖలో వీధులు మూడు నాలుగు రకాలుగా పుట్టాయి, కాస్త ఓపికగా చూస్తే నడిచేటప్పుడే తెలుస్తుంది.

పాత ఊరు సంగతి. వన్‌టౌన్‌లో కోటవీధి, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల సందులు ఒక్కటీ తిన్నగా ఉండదు, కొన్నిట్లో రెండు బండ్లు ఎదురైతే ఒకటి ఆగాలి. కానీ ప్రతి సందూ ఇంకో సందులోకి తెరుచుకుంటుంది. ఊరు మింగేసిన పాత పల్లెలూ అంతే. పెదవాల్తేరు, వెంకోజీపాలెం, మద్దిలపాలెం గ్రామకంఠాల్లో ఇప్పటికీ ఎటునుంచి ఎటైనా నడిచి పోవచ్చు. వీటిని మనం అడ్డదిడ్డంగా పెరిగినవి అంటాం. వంకర టింకరగా ఉండటం వేరు, తెగిపోవటం వేరు, ఈ రెండింటినీ కలిపేసి చూడటం వల్లే కొత్త లేఅవుట్ తిన్నని రోడ్లు చూసి అది మంచి ప్లానింగ్ అని నమ్మేస్తున్నాం. అరిలోవ లాంటి కొండవాలు కాలనీల్లో అయితే వీధి అంటే మెట్లే. కారు పోదు, కానీ మనిషి పోతాడు, పక్క వరసకి దాటే దారి దొరుకుతుంది.

ఆ తర్వాత వచ్చినవి ప్లాన్ వేసి కట్టిన కాలనీలు. ద్వారకానగర్‌లో ఒక లేన్ తర్వాత ఒక లేన్ వరసగా పోతాయి. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఎంత రద్దీగా ఉన్నా ఆ లేన్లు దాన్ని పంచుకుంటాయి. 1978లో వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చాక ఊరు ఉత్తరంగా పెరిగిన తీరుకి ఎంవీపీ కాలనీ మంచి ఉదాహరణ. సెక్టార్లుగా కట్టారు, మధ్యలో డబుల్ రోడ్డు, రైతుబజార్, ఉషోదయ జంక్షన్. ఒక సెక్టార్ నుంచి ఇంకో సెక్టార్‌లోకి లోపలి వీధుల్లోంచే వెళ్ళిపోవచ్చు. ఇటు ఇసుకతోట, వెంకోజీపాలెం వైపు, అటు అప్పుఘర్, బీచ్ రోడ్డు వైపు దారులున్నాయి. ఎంవీపీలో పార్కింగ్ సమస్య లేదా, హాస్టళ్ళు ఎక్కువైపోలేదా అంటే అయ్యాయి. అయినా సాయంత్రం ఆ కాలనీలో ఎంతమంది నడుస్తుంటారో చూడండి. కూరగాయల సంచీతో, పిల్లల చెయ్యి పట్టుకుని, ఊరికే కబుర్లు చెప్పుకుంటూ. ఆ నడక ఆ వీధుల వల్లే వచ్చింది.

మూడో రకం, ఇప్పుడు మనం కడుతున్నది, వెంచర్. హనుమంతవాక దాటి ఎండాడ, మధురవాడ, కొమ్మాది, ఆనందపురం దాకా ఒకవైపు, ఎన్ఏడీ కూడలి దాటి పెందుర్తి, సబ్బవరం వైపు ఇంకోవైపు. ఇక్కడ నేల కూడా కొంత కారణం అని ఒప్పుకోవాలి. విశాఖని సముద్రం ఒకవైపు, కంబాలకొండ, సింహాచలం కొండలు ఇంకోవైపు నొక్కి పట్టుకున్నాయి, దక్షిణాన యారాడ కొండ, పోర్టు, నేవీ స్థలాలు. గాజువాక నుంచి ఊళ్ళోకి రావాలంటే ఎన్ఏడీ మీదుగా హైవే, లేకపోతే మల్కాపురం, సింధియా మీదుగా పోర్టు రోడ్డు. వీటికి రైలు పట్టాలు, మేఘాద్రిగెడ్డ తోడు. కాబట్టి పెద్ద దారులు కొన్నే ఉంటాయి, దానికి ఎవర్నీ తప్పుపట్టలేం. కానీ కొండ లేని చోట, గెడ్డ (వాగు) లేని చోట, చదునుగా ఉన్న పొలంలో రెండు లేఅవుట్ల మధ్య దారి ఎందుకు లేదు? అది పూర్తిగా మనం చేసుకున్నది.

ఎలా జరుగుతుందో చెప్తాను. ఒక రైతు దగ్గర మూడెకరాలు, పక్కాయన దగ్గర ఐదెకరాలు. మొదటి మూడెకరాలు ఒక డెవలపర్ ఈ ఏడాది తీసుకుంటాడు, మెయిన్ రోడ్డు నుంచి ఒక అప్రోచ్ రోడ్డు లాగుతాడు, ఆర్చి కడతాడు, లోపల నలభై అడుగుల రోడ్లు, చుట్టూ కాంపౌండ్ వాల్. పక్క ఐదెకరాలు నాలుగేళ్ళ తర్వాత ఇంకొకరు తీసుకుంటారు, వాళ్ళకీ ఒక ఆర్చి, వాళ్ళకీ ఒక గోడ. మొదటి లేఅవుట్ వీధులు ఎక్కడ ఆగాయో రెండోవాళ్ళు చూడరు, చూసినా వాటికి ఎదురుగా తమ వీధి పెట్టాల్సిన అవసరం వాళ్ళకి లేదు, పైగా పక్క కాలనీ బండ్లు మన కాలనీలోకి రావని చెప్తే గజం రేటు పెరుగుతుంది. ఇద్దరి కాగితాలూ పక్కాగా ఉంటాయి. ఎవరి లేఅవుట్ వాళ్ళు విడిగా చూసుకుంటే తప్పు కనిపించదు, పది లేఅవుట్లు పక్కపక్కన పెట్టి పైనుంచి చూస్తేనే అది ఊరు కాలేదని తెలుస్తుంది. ఆ పొలాల మధ్య అంతకుముందు బండిబాటలు ఉండేవి, రెవెన్యూ మ్యాపుల్లో ఇంకా ఉంటాయి కూడా. ఎడ్లబండి పోయిన దారి పదిమంది చేతులు మారేసరికి ఎవరో ఒకరి ప్లాటులో కలిసిపోతుంది. గెడ్డ వచ్చిన చోట కూడా ఇటువాళ్ళూ అటువాళ్ళూ రోడ్డు ఆపేస్తారు, కల్వర్టు కట్టే బాధ్యత ఎవరిదో తేలదు.

వీధిపోటు పట్టింపు కూడా ఇందులో కొంచెం పాత్ర పోషిస్తుంది. వీధి సూటిగా వచ్చి తగిలే ప్లాటు చాలామంది కొనరు, అందుకని చాలా లేఅవుట్లలో వీధి చివర ప్లాటు పెట్టకుండా నేరుగా గోడ దగ్గరే ఆపేస్తారు. నాకు దీంట్లో ఒక ఆశ కనిపిస్తుంది. అలాంటి చోట అవతలి వీధితో కలపాలంటే కూల్చాల్సింది ఎవరి ఇల్లూ కాదు, ఒక గోడ ముక్క.

మా పిన్ని వాళ్ళు ఉండేది కొమ్మాది దాటాక అలాంటి ఒక వెంచర్‌లోనే. వాళ్ళ వీధి చివర గోడ, గోడకి అవతల ఇంకో వెంచర్ వీధి, ఆ వీధి మొదట్లో ఒక స్కూలు. గోడలో ఎవరో నాలుగు వరసల ఇటుకలు తీసేశారు, మనిషి వంగి దూరేంత కంత. పొద్దున్నే యూనిఫారాల్లో పిల్లలు ముందు బ్యాగు అవతలికి పడేసి, తర్వాత వాళ్ళు దూరుతారు. ఇళ్ళల్లో పనికొచ్చే ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని జాగ్రత్తగా దాటతారు, ఒకామె టిఫిన్ క్యారియర్ ముందు ఇవతల పెట్టి తర్వాత తను వస్తుంది. అసోసియేషన్ వాళ్ళు సిమెంటు పెట్టి పూడ్పిస్తారు. కొన్నాళ్ళకి మళ్ళీ ఇటుకలు ఊడతాయి. ఆ కంత మూసినప్పుడల్లా కారున్నవాళ్ళకి ఏమీ కాదు, చుట్టూ తిరిగి పోతారు. నడిచేవాళ్ళకి మాత్రం ఎండలో హైవే అంచున నడక తప్పదు, అక్కడ ఫుట్‌పాత్ కూడా సరిగ్గా ఉండదు. ప్లాను గీసినవాడు మర్చిపోయిన దారిని జనం చేత్తో తవ్వుకున్నారు. ఆ కంతని ఆక్రమణలా చూడకుండా, ఇక్కడ దారి కావాలి అని జనం రాసిచ్చిన అర్జీలా చూడాలి అంటాను నేను.

వీధులు తెగిపోతే నష్టం కాలనీ లోపలే ఆగదు, హైవే మీద తేలుతుంది. జాతీయ రహదారి కట్టింది ఊరి నుంచి ఊరికి పోయే బండ్ల కోసం. కానీ మధురవాడ దగ్గర స్కూలుకి పోయే స్కూటీ, మందుల షాపుకి పోయే ముసలాయన, పెళ్ళికి పోయే కారు అన్నీ అదే రోడ్డు మీదకి రావాల్సిందే, వేరే దారి లేదు కాబట్టి. కార్‌షెడ్ జంక్షన్ దగ్గర, కొమ్మాది దగ్గర సాయంత్రం చూస్తే ఆ గుంపులో కలకత్తా పోయే లారీలు ఎన్నో, పక్క కాలనీకి పోయే బండ్లు ఎన్నో తెలుస్తుంది. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్ళని అందరం తిడతాం, నాకూ భయమే, కానీ వాళ్ళు వెళ్ళాల్సిన చోటు ఎదురుగా రెండొందల మీటర్లలో ఉండి, సరైన దారి యూటర్న్‌తో కలిపి రెండు కిలోమీటర్లు అయినప్పుడు, రోజూ కొంతమంది తప్పు చేస్తారని ఆ డిజైన్‌లోనే రాసి ఉంది. ఫైన్లు వేస్తే కొంత తగ్గుతుంది, లోపలినుంచి దారి ఇస్తే చాలా తగ్గుతుంది. కాలిఫోర్నియాలో 24 ఊళ్ళని పోల్చి చూసిన వెస్లీ మార్షల్, నార్మన్ గ్యారిక్ కూడా, దగ్గర దగ్గరగా కూడళ్ళున్న పాత అల్లిక ఊళ్ళల్లోనే రోడ్డు ప్రమాద మరణాలు తక్కువని గమనించారు. చిన్న వీధుల్లో ఎవరూ అంత వేగంగా పోలేరు కదా.

బస్సు కూడా ఇక్కడే దెబ్బతింటుంది. ఒక కాలనీలోంచి ఇంకో కాలనీలోకి, అక్కణ్ణించి మూడోదాంట్లోకి పోయే దారి ఉంటే సిటీ బస్సు లోపలికి వస్తుంది. లోపలికి వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ అదే గేటులోంచి బయటికి రావాలంటే ఏ డ్రైవరూ రాడు, ఏ డిపో ఆ రూటు వెయ్యదు. అందుకే బస్సు హైవే మీదే ఆగుతుంది, ఇంటి నుంచి హైవేకి ఆటో, ఆ ఆటో ఖర్చు చూసి జీతం రాగానే ఈఎంఐలో బండి. మన ఊళ్ళో బీఆర్‌టీఎస్ (బస్సులకి ప్రత్యేక వరుసలుండే రోడ్లు) పేరిట పెందుర్తి వైపు, సింహాచలం వైపు కారిడార్లు కట్టారు, ఎన్ఏడీ దగ్గర ఫ్లైఓవర్ కట్టారు. అవన్నీ అవసరమే కావచ్చు. కానీ చెట్టు మొదలు ఎంత లావు చేసినా రెమ్మల మధ్య దారి రాదు, ఉన్న బండ్లన్నీ ఇంకా అదే మొదలు మీదకి వస్తాయి.

ఇక్కడ నన్ను అన్నిటికంటే కంగారు పెట్టే విషయం, వీధి పోయాక తిరిగి రాదు. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారు, అపార్ట్‌మెంట్ పాతబడితే మళ్ళీ కడతారు, కానీ వీధి ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కురుపాం మార్కెట్ దగ్గర భవనాలు ఎన్నిసార్లు మారి ఉంటాయో, సందులు మాత్రం అవే. ఒకసారి వంద ప్లాట్లు వందమంది పేరున రిజిస్టర్ అయ్యాక మధ్యలోంచి కొత్త వీధి తీయాలంటే వందమందితో మాట్లాడాలి, నష్టపరిహారం, కోర్టు. అదే పొలంగా ఉన్నప్పుడు ఒక గీత. ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి ఆరు వరుసల రోడ్డుకి ఇరుపక్కలా, భోగాపురం ఎయిర్‌పోర్టు వైపు దారి పొడుగునా ఇప్పుడు ఆ గీత గీసే సమయం. ఇంకో పదేళ్ళు పోతే అది దాటిపోతుంది.

గోడలు కావాలనేవాళ్ళ మాట కూడా వినాలి. బయటి బండ్లు లోపలికి వస్తే పిల్లలు ఆడుకోలేరు, దొంగల భయం, రాత్రి హారన్లు. ఇవి నిజమైన భయాలే, ముఖ్యంగా పక్కన హైవే ఉన్నచోట. అయితే వీధులు కలపడం అంటే అన్ని వీధుల్లోనూ అన్ని బండ్లనీ వదలడం అనుకోవాల్సిన పని లేదు. నెదర్లాండ్స్‌లో ఊట్రెక్ట్ దగ్గర హౌటెన్ అనే ఊరుంది. అక్కడ కార్లు ఒక పేట నుంచి ఇంకో పేటకి పోవాలంటే ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డు ఎక్కాలి, సైకిలు మీదా నడిచీ పోయేవాళ్ళు మాత్రం ఊరి మధ్యలోంచి తిన్నగా పోతారు. మన వెంచర్లలో దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. గోడలో మనిషీ సైకిలూ పట్టేంత దారి, కారు దూరకుండా రెండు సిమెంటు దిమ్మలు, పైన ఒక లైటు. పది మంది నడిచే దారిలో దొంగ నిలబడటానికి జంకుతాడు, ఎవరూ నడవని మూసిన వీధి చివరే వాడికి అనువు.

పెద్ద ఎత్తున చేసే దారి కూడా మన దేశంలోనే ఉంది. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీములని ఉన్నాయి, 1976 చట్టం కింద. ఒక ప్రాంతంలో ఉన్న రైతుల భూమంతా ముందు కలిపేస్తారు, దానిమీద రోడ్లు, పార్కులు, స్కూళ్ళకి స్థలం గీస్తారు, మిగిలినదాన్ని చక్కటి ఆకారంలో మళ్ళీ అదే రైతులకి పంచుతారు. ప్రతివాడికీ కొంచెం భూమి తగ్గుతుంది, కానీ రోడ్డు పక్క భూమి అవుతుంది కాబట్టి విలువ పెరుగుతుంది. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల రింగు రోడ్డు రావడంలో ఈ పద్ధతి బాగా పనికొచ్చింది. భూసమీకరణ మనకి కొత్త మాట కాదు, అమరావతిలో చూశాం. రాజధాని లాంటి పెద్ద పనికే కాకుండా, ఆనందపురం పక్కన మూడొందల ఎకరాలకి కూడా దీన్ని మామూలు పనిలా చేయగలిగితే వీధులు ప్లాట్ల కంటే ముందు పుడతాయి.

అంతదాకా ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్‌లోనే, గేటెడ్ తరహా పెద్ద గ్రూప్ హౌసింగ్ కట్టేవాళ్ళు వెనకున్న భూములకి దారి దొరికేలా తమ స్థలం అంచున జనం వాడుకునే రోడ్డు ఒకటి వదలాలని రాశారు. రూలు పుట్టిందంటే సమస్య అప్పటికే అర్థమైందన్నమాట. ఇక వుడా స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏ, జీవీఎంసీ లేఅవుట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు ఆ లేఅవుట్ ఒక్కటే కాకుండా చుట్టుపక్కల మంజూరైన అన్ని లేఅవుట్ల వీధులూ ఒకే మ్యాపు మీద పెట్టి, ఈ వీధి ఆ వీధికి ఎదురుగా వస్తోందా అని చూస్తే సగం గోడలు కట్టకముందే ఆగుతాయి.

మీరు ప్లాటు కొనబోతుంటే బ్రోచర్‌లో రోడ్డు వెడల్పు చూడండి, దాంతో పాటు చివరి ప్లాటు దగ్గర ఆ రోడ్డు ఎటు పోతోందో అడగండి, మాస్టర్ ప్లాన్ రోడ్డు ఏదైనా దగ్గర్లో పోతుంటే అది లేఅవుట్ కాపీలో గీసి ఉందో లేదో చూడండి. ఇప్పటికే కొనేసి ఉంటే ఇంకో సంగతి తెలుసుకోవాలి. అనుమతి పొందిన మామూలు ఓపెన్ లేఅవుట్‌లో (ఖాళీ ప్లాట్లు అమ్మేదాంట్లో) రోడ్లనీ, ఉమ్మడి ఖాళీ స్థలాన్నీ డెవలపర్ గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకి అప్పగిస్తాడు. ఆ క్షణం నుంచి అవి ప్రజల రోడ్లు, వాటికి అడ్డంగా గేటు పెట్టి తాళం వేసే హక్కు అసోసియేషన్‌కి ఉండదు. గ్రూప్ హౌసింగ్‌గా అనుమతి తీసుకున్నదైతే లోపలి రోడ్లు ఇళ్ళ యజమానుల ఉమ్మడి ఆస్తిగా ఉంటాయి, అది వేరే లెక్క, అక్కడ దారి కావాలంటే వాళ్ళని ఒప్పించుకోవాలి. మీది ఈ రెంటిలో ఏదో మీ సేల్ డీడ్‌లో రాసిన లేఅవుట్ నంబరు పట్టుకుని టౌన్ ప్లానింగ్ విభాగంలో అడిగితే చెప్తారు, చెప్పకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టొచ్చు. మా పిన్ని వాళ్ళది ఓపెన్ లేఅవుటే అని ఈమధ్య తేలింది. గోడ ఉన్న చోట దారి తెరవమని వాళ్ళ వీధివాళ్ళూ అవతలి వీధివాళ్ళూ కలిసి ఒక కాగితం రాస్తున్నారు, సంతకాలు ఇంకా అవుతున్నాయి.